ఒకే డయాలసిస్ కేంద్రంలో ఒకరికి జీనోటైప్ 1, మరొకరికి 3: హెపటైటిస్ సి ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడం ఎలా?

నల్లకుంటవాసి

మా అమ్మగారికి రెండేళ్లుగా హైదరాబాదులోని ఒక ప్రైవేటు కేంద్రంలో డయాలసిస్ జరుగుతోంది. మొదలుపెట్టిన రోజున చేసిన హెపటైటిస్ సి యాంటీబాడీ పరీక్షలో నెగెటివ్ వచ్చిన కాగితం మా దగ్గర భద్రంగా ఉంది. గత నెలలో అదే పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఆర్‌ఎన్‌ఏ పరీక్షలోనూ రక్తంలో వైరస్ ఉన్నట్టు తేలింది. అదే షిఫ్టులో పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునే ఒక పెద్దాయనకు ఈ జబ్బు ముందునుంచీ ఉందని వారి అబ్బాయి మాటల్లో తెలిసి, మేము నిర్వాహకులను నిలదీశాము. వైరస్ ఏ జన్యు రకమో చెప్పే జీనోటైప్ పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. అమ్మకు 1 అని, ఆ పెద్దాయనకు 3 అని వచ్చింది. దానితో వారు, 'రెండూ వేర్వేరు రకాలు కాబట్టి మా దగ్గర అంటుకోలేదని రుజువైంది, మీరే బయట ఎక్కడో సూది వేయించుకుని ఉంటారు' అని చేతులు దులుపుకున్నారు. వారి తర్కం నిలుస్తుందా? అసలు ఈ అంకెలను బట్టి జబ్బు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పగలమా?

అనుమానం_అప్పారావు

పరీక్ష ఖర్చు మీది, తీర్పు వారిది అన్నమాట. ఇద్దరికీ ఒకే అంకె వచ్చి ఉంటే 'ఊళ్లో సగం మందికి అదే రకం' అని చెప్పేవారని నా అనుమానం.

సూక్ష్మజీవి

అప్పారావు గారు వేళాకోళానికి అన్నా, అందులో పాయింటు ఉంది. నేను చాలాకాలంగా వైరాలజీ ప్రయోగశాలలో పనిచేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నిర్వాహకుల మాటలో సగమే నిజం. జీనోటైప్ 3 ఉన్న మనిషి నుంచి మరొకరికి జీనోటైప్ 1 రాదు. ఆ పెద్దాయన రక్తంలో రెండు రకాలూ ఉండి, పరీక్షలో ఒకటే బయటపడి ఉండవచ్చు గాని అది అరుదు. కాబట్టి ఆ పెద్దాయన మీది అనుమానం దాదాపుగా తొలగినట్టే. కేంద్రం మీది అనుమానం మాత్రం అంగుళం కూడా కదలలేదు. ఈ రెండేళ్లలో అక్కడికి ఎంతమంది వచ్చి వెళ్లారు, వారిలో హెపటైటిస్ సి ఉన్నవారెందరు, వారిలో జీనోటైప్ 1 ఎవరికి ఉంది అన్నవి చూడకుండా ఒక్క మనిషి రిపోర్టుతో మొత్తం కేంద్రానికి శుద్ధిపత్రం ఇచ్చుకోవడం తప్పు.

ఈ వైరస్‌ను 1989లో గుర్తించారు. దీని జన్యు సమాచారమంతా సుమారు 9,600 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగులో ఉంటుంది. ఆ పోగుకు నకలు తీసే ఎంజైముకు తప్పులు దిద్దుకునే గుణం లేదు. ఒక రోగి శరీరంలో రోజుకు దాదాపు లక్ష కోట్ల కొత్త వైరస్ రేణువులు పుడతాయని అంచనా. ప్రతి నకలులోనూ తప్పులు దొర్లే అవకాశం ఉన్నందువల్ల ఒక మనిషిలో ఉండేది ఒకే వైరస్ కాదు, స్వల్ప తేడాలున్న వైరస్‌ల పెద్ద గుంపు. వేల సంవత్సరాలుగా ఈ తేడాలు పేరుకుని నేడు మనకు తెలిసిన 8 జీనోటైపులు, తొంభైకి పైగా ఉపరకాలు ఏర్పడ్డాయి. ఒక జీనోటైపుకూ మరొకదానికీ మధ్య నూటికి ముప్పై అక్షరాలకు మించి తేడా ఉంటుంది.

మన దేశంలో జీనోటైప్ 3 ఎక్కువ, ఆ తరువాత 1. ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో 1 వాటా పెద్దది. హైదరాబాదులో ఈ రెండూ ధారాళంగా కనబడతాయి. అందుచేత జీనోటైప్ అంకెను ఇంటిపేరులా చూడాలి. ఇంటిపేర్లు వేరైతే ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలు కారని చెప్పవచ్చు గాని, ఒకటే అయినంత మాత్రాన అన్నదమ్ములని చెప్పలేము.

కొండారెడ్డిబురుజు

మా మండలంలో ఇంటిపేరు ఒకటే అయితే పొలం తగాదా ఉందని మాత్రం ఖాయంగా చెప్పవచ్చు. సరే, విషయానికి వస్తాను. మా బాబాయికి జీనోటైప్ 3 ఉండేది. మాత్రలు వాడాక పూర్తిగా పోయింది. కొంతకాలానికి మళ్లీ వైరస్ కనబడితే, మందు పనిచేయలేదని అందరమూ అనుకున్నాము. అప్పుడు మా డాక్టరు గారు పట్టుబట్టి జీనోటైప్ చేయిస్తే 1 అని వచ్చింది. అంటే పాతది తిరగబెట్టలేదు, కొత్తది సోకింది. ఈ జబ్బు ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన రక్షణ ఏర్పడదని అప్పుడే తెలిసింది. కాబట్టి ఆ అంకె మరీ పనికిరానిదేమీ కాదు.

మాత్రలమావయ్య

కొండారెడ్డి గారి బాబాయి విషయం వేరు. మామూలు రోగికి ఈ రోజుల్లో జీనోటైప్ పరీక్ష దండుగ అని నా అభిప్రాయం. నేను మందుల దుకాణం నడుపుతాను. ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు జీనోటైప్ 1కి 48 వారాలు, 2, 3లకు 24 వారాలు ఇచ్చేవారు. అప్పుడు ఆ పరీక్ష తప్పనిసరి. 2013 చివర అమెరికాలో సోఫోస్‌బువిర్ వచ్చింది. అక్కడ ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు, పన్నెండు వారాలకు 84,000 డాలర్లు. 2015లో మన హైదరాబాదు కంపెనీలు నాట్కో, హెటిరో అదే మందును తయారుచేయడం మొదలుపెట్టాయి. నాట్కో వారి 28 మాత్రల సీసా మీద అప్పట్లో ఉన్న గరిష్ఠ ధర 19,900 రూపాయలు. తరువాత డక్లటాస్‌విర్, వెల్పటాస్‌విర్ వచ్చాయి. సోఫోస్‌బువిర్‌తో వీటి జోడీలు అన్ని జీనోటైపుల మీదా పనిచేస్తాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. అందులో మొదటిసారి మందు వాడేవారికి జీనోటైప్ అడగరు, లివర్ గట్టిపడిందా లేదా అన్నదే చూస్తారు. నల్లకుంట తమ్ముడు వెంటనే అమ్మగారికి మందు మొదలుపెట్టించాలి. మూలం ఎక్కడ అని తవ్వుకుంటూ కూర్చుంటే కాలేయానికి ఒరిగేదేమీ లేదు.

నల్లకుంటవాసి

చికిత్స ఆపే ఉద్దేశం నాకు లేదు మావయ్య గారూ. కిడ్నీలు పనిచేయనివారికి సోఫోస్‌బువిర్ ఇవ్వకూడదని ఒకరు, ఇవ్వవచ్చని ఒకరు చెబుతున్నారు.

మాత్రలమావయ్య

మొదట్లో ఆ సంశయం ఉండేది. డయాలసిస్ రోగులకూ వాడవచ్చని 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందు పత్రంలోనే మార్పు చేసింది. మీ నెఫ్రాలజిస్టుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

వరంగల్_సిస్టర్

డయాలసిస్ విభాగంలో పనిచేసే నర్సును. బయటివారికి తెలియని సంగతులు కొన్ని చెబుతాను.

చాలామంది యంత్రం గుండా వైరస్ వస్తుందని అనుకుంటారు. ఫిల్టరు పొర చెక్కుచెదరకుండా ఉంటే వైరస్ దాన్ని దాటి అవతలికి పోలేదు. అది ప్రయాణించేది చేతుల మీదుగా. ఒక రోగి ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చే చేతి రక్తనాళం) దగ్గర రక్తం తగిలిన గ్లౌజుతోనే పక్క యంత్రం మీటలు నొక్కడం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు ఒకే సీసాలో పలుసార్లు సూది గుచ్చి పలువురికి వాడడం, మందుల ట్రాలీని మంచం నుంచి మంచానికి తిప్పడం, ఉదయం షిఫ్టు ముగిసి మధ్యాహ్నం షిఫ్టు వారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారన్న హడావిడిలో మంచం చేతులు, యంత్రం ముందుభాగం సరిగా తుడవకపోవడం వంటివే అసలు దారులు. ఎండిన రక్తపు మరకలో ఈ వైరస్ గది ఉష్ణోగ్రత దగ్గర వారాల తరబడి సజీవంగా ఉండగలదని ప్రయోగశాలలో తేల్చారు. కంటికి కనబడని మరక అయినా చాలు.

కాబట్టి పక్క మంచం మీద ఎవరున్నారన్నది ఒక్కటే కాదు, అదే మంచం మీద అంతకు ముందరి షిఫ్టులో ఎవరున్నారు, అదే సిస్టర్ లేదా టెక్నీషియన్ ఆ రోజు ఇంకెవరిని చూశారు అన్నవి వెతకాలి. ప్రతి కేంద్రంలోనూ రిజిస్టరు ఉంటుంది. అందులో తేదీ, షిఫ్టు, యంత్రం సంఖ్య రాసి ఉంటాయి.

ఇంకొక మాట. అమ్మగారికి మొదట చేసింది యాంటీబాడీ పరీక్ష ఒక్కటేనా? కిడ్నీ జబ్బు ఉన్నవారిలో రోగనిరోధక శక్తి మందగించి ఉంటుంది కాబట్టి వైరస్ ఉన్నా యాంటీబాడీ కనబడకపోవచ్చు. డయాలసిస్ మొదలుపెట్టేటప్పుడు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కూడా చేయడం మేలని, ఆ తరువాత ఆరు నెలలకొకసారి పరీక్షించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. జబ్బు మొదటినుంచే ఉందని కేంద్రం వారు దీన్ని మీ మీదికి తిప్పవచ్చు.

రక్తనిధి

బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ను. అందరూ డయాలసిస్ కేంద్రాన్నే పట్టుకున్నారు. ఈ రెండేళ్లలో అమ్మగారికి రక్తం ఎక్కించారా?

నల్లకుంటవాసి

రక్తహీనత ఎక్కువైనప్పుడు వేరే ఆసుపత్రిలో చేర్చి ఎక్కించారు. పరీక్షించిన రక్తమేనని చెప్పారు.

రక్తనిధి

అయితే ఆ దారి కూడా చూడాలి. దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్షను మన దేశంలో 2001లో తప్పనిసరి చేశారు. అంతకు ముందు రక్తం ఎక్కించుకున్నవారిలో చాలామందికి ఇది అలాగే వచ్చింది. ఇప్పుడు ప్రతి సంచినీ పరీక్షిస్తాము గాని, ఎక్కువ చోట్ల చేసేది యాంటీబాడీ పరీక్షే. దాతకు కొత్తగా వైరస్ సోకి ఇంకా యాంటీబాడీ తయారుకాని తొలి వారాలలో ఆ పరీక్ష నెగెటివ్ అనే చూపిస్తుంది. నేరుగా వైరస్ జన్యు పదార్థాన్నే వెతికి ఆ వ్యవధిని బాగా కుదించే నాట్ పరీక్ష పెద్ద కేంద్రాలలో ఉంది గాని అన్నిచోట్లా తప్పనిసరి కాదు. ఆసుపత్రి కేసు షీటులో సంచి సంఖ్య ఉంటుంది, దాన్ని బట్టి దాత ఎవరో రక్తనిధి కేంద్రానికి తెలుస్తుంది. మీకు పేరు చెప్పరు, చెప్పకూడదు కూడా. కానీ దాతను పిలిపించి మళ్లీ పరీక్షించమని మీరు లిఖితపూర్వకంగా కోరవచ్చు.

అనుమానం_అప్పారావు

కేంద్రం, రక్తం, వీధి చివర ఆర్‌ఎంపీ గారి సూది, పచ్చబొట్టు, పళ్ల డాక్టరు... నిందితులు పెరుగుతున్నారు, సాక్షి మాత్రం ఒక్క అంకె. ఇంతమందిలో అసలు దోషిని జన్యువుల ద్వారా ఎక్కడైనా పట్టుకున్న దాఖలా ఉందా, లేక ఇదంతా పుస్తకాల్లో మాటేనా?

పరిణామ_విద్యార్థిని

ఉంది. మా రంగంలో అందరూ చదివే కేసు స్పెయిన్‌లోని వాలెన్సియా నగరానిది. వివరంగానే చెబుతాను, ఎందుకంటే నల్లకుంటవాసి గారి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

1998లో ఆ నగరంలో, మామూలుగా ఈ జబ్బు వచ్చే కారణాలేవీ లేనివారిలో హెపటైటిస్ సి కేసులు బయటపడ్డాయి. విచారిస్తే వారందరికీ ఉమ్మడిగా ఉన్నది ఏదో ఒక శస్త్రచికిత్స, ఆ చికిత్సలలో మత్తు ఇచ్చిన హువాన్ మాయెసో అనే వైద్యుడు. అతనికి మత్తుమందుల వ్యసనం ఉంది. రోగికి ఇవ్వవలసిన నొప్పి మందులో కొంత ముందు తాను పొడుచుకుని, మిగిలినది రోగికి ఎక్కించేవాడని, అతని రక్తంలోని వైరస్ అలా రోగులకు చేరిందని అభియోగం. దాదాపు పదేళ్లపాటు, ఒకటికి మించిన ఆసుపత్రులలో ఇది సాగింది.

ఇక్కడ చిక్కు ఏమిటంటే, అతనిలో ఉన్నది 1ఎ అనే ఉపరకం, అది నగరంలో మామూలుగా తిరిగే రకమే. శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో కొందరికి అదే ఉపరకం వేరే దారిలో వచ్చి ఉండవచ్చు. జీనోటైప్, ఉపరకం రెండూ కలిసినా న్యాయస్థానంలో నిలవవు. అందుకని వాలెన్సియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఫెర్నాండో గొన్సాలెజ్ కాండెలాస్, ఆంద్రెస్ మోయా బృందం 322 మంది రోగుల నుంచి వైరస్ జన్యుక్రమాలు తీసింది. వైరస్ పై పొర ప్రోటీన్లకు చెందిన, వేగంగా మారే ఇ1, ఇ2 జన్యు ప్రాంతంలో ఒక్కో రోగి నుంచి పలు నకళ్లు చొప్పున మొత్తం నాలుగు వేలకు పైగా క్రమాలు చదివారు. దీనితో పాటు ఈ కేసుతో ఏ సంబంధమూ లేని, అదే నగరపు 1ఎ రోగుల నమూనాలను కూడా పోలికకు తీసుకున్నారు. నా దృష్టిలో మొత్తం పనిలో అతి ముఖ్యమైనది ఈ చివరి మెట్టే. నగరంలో సహజంగా ఎంత వైవిధ్యం ఉందో తెలియకపోతే, ఇద్దరి వైరస్‌లు 'దగ్గరగా' ఉన్నాయనే మాటకు అర్థం లేదు.

అన్నిటినీ కలిపి వంశవృక్షం గీస్తే 275 మంది వైరస్‌లు ఆ వైద్యుడి వైరస్‌తో కలిసి ఒకే కొమ్మ మీద చేరాయి. మిగిలిన 47 మందివి నగరపు ఇతర రోగుల కొమ్మల మధ్య చెదిరి ఉన్నాయి. అంటే ఆ 47 మందికి అతని వల్ల రాలేదు. పైగా, వైరస్‌లో మార్పులు పేరుకునే వేగాన్ని బట్టి ఒక్కొక్కరికి సుమారుగా ఎప్పుడు సోకిందో లెక్కగట్టారు. తేదీ తెలిసిన శస్త్రచికిత్సలతో ఆ అంచనాలను సరిచూశారు. 2007లో న్యాయస్థానం అతనికి 1,933 సంవత్సరాల జైలుశిక్ష విధించింది.

అనుమానం_అప్పారావు

1,933 సంవత్సరాలా! అంత వెనక్కి లెక్కపెడితే శాతవాహనుల కాలం దాకా పోవాలి.

పరిణామ_విద్యార్థిని

అక్కడి చట్టం ప్రకారం నిజంగా అనుభవించవలసిన కాలానికి 20 ఏళ్ల పరిమితి ఉంది. నేను ఎత్తిచూపాలనుకున్నది శిక్షను కాదు, ఆ 47 మందిని. జన్యుక్రమం నేరాన్ని ఎంత బలంగా నిరూపించిందో, తప్పుడు లెక్కనూ అంతే నిక్కచ్చిగా పక్కకు తీసింది. నల్లకుంటవాసి గారి కేంద్రం కూడా నిజంగా నిర్దోషి అయితే ఈ పరీక్షకు వారే ముందుకు రావాలి.

మాత్రలమావయ్య

వాలెన్సియాలో పోలీసులు, న్యాయస్థానం, విశ్వవిద్యాలయం కలిసి ఏళ్ల తరబడి చేసిన పనిని ఇక్కడ ఒక కుటుంబం ఎలా చేయిస్తుందమ్మా? చదవడానికి బాగుంది గాని ఆచరణలో మందే ముఖ్యం.

సూక్ష్మజీవి

మందు ముఖ్యమన్న మాటలో మావయ్య గారితో నాకు పేచీ లేదు. కానీ 'జీనోటైప్ దండుగ' అన్న మాటను ఒప్పుకోను. రోగికి అనవసరమైనది నగరానికి అవసరం కావచ్చు. అన్ని రకాల మీదా పనిచేసే మందు వచ్చాక జీనోటైప్ చూడడమే మానేశాము. దానివల్ల ఏ రకం ఏ పేటలో, ఏ ఆసుపత్రుల చుట్టూ పెరుగుతోందో చెప్పే సమాచారం పోగుపడడం ఆగిపోయింది. ఒక కేంద్రంలో కొత్త కేసులు నాలుగు వస్తే అవి ఒకదాని నుంచి ఒకటి పుట్టినవా, నాలుగు దిక్కుల నుంచి వచ్చినవా అని అడిగేవారు లేరు. నలుగురికీ ఉచిత మందు ఇచ్చి పంపిస్తాము, ఐదో కేసు వస్తుంది.

మెట్‌పల్లి_అన్న

మా తమ్ముడు సౌదీలో చాలాకాలం పనిచేసి వచ్చాడు. జీనోటైప్ 4 అని వచ్చింది. ఇక్కడి ల్యాబు వారు, ఇది మన దగ్గరి రకం కాదు, అరబ్బు దేశంలో అంటుకుందని తేల్చేశారు. అది నిజమేనా? ఇంకో బాధ ఏమిటంటే, మందుతో జబ్బు పూర్తిగా పోయినా గల్ఫ్ వీసా మెడికల్‌లో యాంటీబాడీ పాజిటివ్ అని అన్‌ఫిట్ చేశారు.

సూక్ష్మజీవి

యాంటీబాడీ జబ్బు తగ్గాక కూడా ఏళ్ల తరబడి, తరచుగా జీవితాంతం, పాజిటివ్‌గానే ఉంటుంది. జబ్బు ఉందా లేదా చెప్పేది ఆర్‌ఎన్‌ఏ పరీక్షే. వీసా నిబంధన శాస్త్రాన్ని పట్టించుకోకపోవడం మీ తమ్ముడి వంటివారికి అన్యాయం.

జీనోటైప్ 4 సౌదీలోనూ ఈజిప్టులోనూ అధికం, మన దగ్గర తక్కువ. తక్కువ అంటే లేదని కాదు, దక్షిణాదిలో అప్పుడప్పుడు కనబడుతూనే ఉంటుంది. కాబట్టి అక్కడ అంటుకుని ఉండవచ్చని అనవచ్చు, తేల్చి చెప్పడానికి మళ్లీ జన్యుక్రమమే కావాలి.

పరిణామ_విద్యార్థిని

4 ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. వైవిధ్యం ఎంత ఉందన్నది ఆ రకం ఒకచోట ఎంతకాలంగా ఉందో చెబుతుంది. మధ్య ఆఫ్రికాలో జీనోటైప్ 4కు లెక్కలేనన్ని ఉపరకాలు ఉన్నాయి. అది అక్కడ శతాబ్దాలుగా నెమ్మదిగా తిరుగుతోందని దాన్ని బట్టి ఊహిస్తారు. ఈజిప్టులో ప్రధానంగా 4ఎ ఒక్కటే, అదీ దగ్గరి పోలికలతో దేశమంతా పరుచుకుని ఉంది. ఒకటి రెండు తరాలలో మంటలా వ్యాపించిందని అర్థం. కారణం తెలిసినదే. బిల్హార్జియా అనే పరాన్నజీవి వ్యాధిని అరికట్టడానికి 1980ల ఆరంభం వరకు ఊరూరా టార్టార్ ఎమెటిక్ ఇంజెక్షన్లు వేశారు, గాజు సిరంజీలను సరిగా మరిగించకుండా ఒకరి తరువాత ఒకరికి వాడారు. ఒక వ్యాధిని తగ్గించే కార్యక్రమమే మరొకదాన్ని ఇంటింటికీ చేర్చింది. ఆ దేశమే ఇటీవల కోట్లాది మందిని పరీక్షించి, ఉచితంగా మందులిచ్చి, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశంస అందుకుంది.

ఇదే కొలమానం మనకు పెడితే, జీనోటైప్ 3కు ఉపరకాలు అత్యధికంగా ఉన్నది దక్షిణాసియాలో. 3ఎ, 3బి, 3జి, 3ఐ అన్నీ మన దేశంలో కనబడతాయి. అది మన పాత కాపు. 1ఎ, 1బి ప్రపంచమంతా తిరుగుతున్న రకాలు, ఇరవయ్యో శతాబ్దపు రక్తమార్పిడులు, సూదులతో పాటు ఖండాలు దాటాయి. హైదరాబాదు వంటి నగరంలో పాతవీ కొత్తవీ కలగలిసి ఉంటాయి.

టొరంటోతెలుగు

ఎనిమిదో జీనోటైపును కెనడాలోనే గుర్తించారు, అయితే ఆ రోగులు పంజాబు నుంచి వచ్చినవారు. 2018లో ప్రకటించారు. మామూలు పరీక్ష వారి రకాన్ని సరిగా చెప్పలేకపోతే మొత్తం జన్యుక్రమం చదివి కొత్తదని తేల్చారు. మన దేశంలో లోతుగా వెతికితే ఇంకెన్ని బయటపడతాయో.

మూసీ_ఒడ్డున

కొవిడ్ కాలంలో ఇక్కడి పరిశోధన సంస్థలు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వేల కరోనా నమూనాల జన్యుక్రమాలు తీశాయి. హైదరాబాదులో ఇంత సత్తా పెట్టుకుని ఈ వైరస్‌కు ఎందుకు చేయలేకపోతున్నాము?

సూక్ష్మజీవి

సత్తా ఉంది, అడిగే వ్యవస్థ లేదు. సాంకేతికంగా ఒక ఇబ్బంది కూడా ఉంది. కరోనా రకాల మధ్య తేడా చాలా స్వల్పం కాబట్టి ఒకే ప్రైమర్ల (జన్యు పోగుకు అతుక్కుని నకలు తీయడం మొదలుపెట్టించే చిన్న తునకలు) జట్టు అన్నిటికీ పట్టేది. హెపటైటిస్ సి జీనోటైపుల మధ్య మూడింట ఒక వంతు అక్షరాలు వేరు కావడంతో ఒక రకానికి తయారుచేసిన ప్రైమర్లు మరొకదానికి అతకవు. అందుకే వాణిజ్య పరీక్షలలో చాలా వరకు అన్ని రకాలలోనూ దాదాపు ఒకేలా ఉండే 5′ కొసను (పోగు మొదటి చివరను) చూసి అంకె చెబుతాయి. అంతగా మారని భాగాన్ని చూసి రకం చెప్పడం సులువే, కానీ బంధుత్వం చెప్పాలంటే మారే భాగాన్ని చూడాలి. నల్లకుంటవాసి గారి రిపోర్టులో '1' అనే ఉందా, '1ఎ' లేదా '1బి' అని ఉందా?

నల్లకుంటవాసి

'జీనోటైప్ 1' అని మాత్రమే ఉంది. ఇప్పటిదాకా చదివినదాన్ని బట్టి మూడు పనులు కనబడుతున్నాయి: రక్తపు సంచి సంఖ్య పట్టుకోవడం, షిఫ్టు రిజిస్టరు అడగడం, వైరస్ జన్యుక్రమం చేయించడం. మందు వచ్చే వారం మొదలుపెడుతున్నారు. దీనివల్ల దర్యాప్తుకు ఏమైనా ఆటంకమా?

సూక్ష్మజీవి

ఇది అడగడం మంచిదైంది. మందు మొదలైన కొద్ది వారాలలో రక్తంలో వైరస్ దొరకకుండా పోతుంది, దానితో పాటు సాక్ష్యమూ పోతుంది. అందుకని మొదటి మాత్ర వేసుకునే ముందే రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ గొట్టాలలో రక్తం తీయించి, ప్లాస్మా వేరుచేయించి, మైనస్ 70 డిగ్రీల కంటే చల్లని ఫ్రీజరులో దాచమని ఏదైనా వైరాలజీ ప్రయోగశాలను అడగండి. మామూలు ఫ్రిజ్‌లో పెడితే ఆర్‌ఎన్‌ఏ చెడిపోతుంది. నమూనా భద్రంగా ఉంటే జన్యుక్రమం ఎప్పుడైనా చేయించుకోవచ్చు, కాబట్టి దానికోసం చికిత్సను ఒక్క రోజు కూడా వాయిదా వేయనక్కరలేదు. ఉపరకం కోసం నకలు తీసే ఎంజైముకు చెందిన ఎన్‌ఎస్5బి ప్రాంతం, దగ్గరి బంధుత్వం కోసం ఇ2లోని అతిచంచల ప్రాంతం చదవాలి. జబ్బు ముందే ఉందేమోనని సిస్టర్ గారు లేవనెత్తిన ప్రశ్నకు కూడా ఇది కొంత పనికొస్తుంది. ఇటీవల సోకిన మనిషిలో వైరస్ గుంపు సాధారణంగా ఏకరూపంగా ఉంటుంది, ఏళ్ల తరబడి ఉన్న మనిషిలో చెదిరిపోయి ఉంటుంది. అది ఒక్కటే రుజువు కాదు గాని ఒక సూచన.

అసలు కష్టం మీ నమూనా కాదు. అక్కడ జీనోటైప్ 1 ఉన్న మిగిలిన రోగుల నమూనాలు లేకుండా పోల్చడానికేమీ ఉండదు. వారి వివరాలు అడిగే హక్కు మీకు లేదు. జిల్లా వైద్యారోగ్య అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, దర్యాప్తు పేరుతో అడగగలిగేది వారు.

అనుమానం_అప్పారావు

డీఎంహెచ్‌ఓ కార్యాలయంలో ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోవడం మరవకండి. ఆ నంబరు లేని ఫిర్యాదుకు జన్యుక్రమం కూడా ప్రాణం పోయలేదు.

వరంగల్_సిస్టర్

ఇంకొక జాగ్రత్త చెప్పాలి. మన దగ్గర చాలా కేంద్రాలలో పాజిటివ్ వచ్చినవారందరినీ 'పాజిటివ్ మెషిన్' మీదికి మారుస్తారు. హెపటైటిస్ బికి అది అవసరం. సికి విడి యంత్రం అక్కరలేదని, చేతి శుభ్రత, మందుల తయారీ, తుడిచే పద్ధతి సరిగా ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాల మాట. సిబ్బంది తక్కువగా ఉన్నచోట విడి యంత్రం కొంత నయమే కదా అని మా సీనియర్లు అంటారు, నేనూ పూర్తిగా కాదనలేను. కానీ అమ్మగారికి మందు పూర్తయ్యాక పన్నెండు వారాలకు చేసే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష నెగెటివ్ వస్తే ఆమెకు జబ్బు లేనట్టే. అప్పటికీ యాంటీబాడీ పాజిటివ్ అనే కాగితం చూసి ఆ గుంపులోనే కూర్చోబెడితే మళ్లీ అంటుకునే ప్రమాదంలోకి మనమే నెట్టినట్టు. మామూలు యంత్రానికి మార్చమని గట్టిగా అడగండి.

మూసీ_ఒడ్డున

అలా పాజిటివ్ వారినందరినీ ఒకేచోట చేర్చితే 1 ఉన్నవారికి 3, 3 ఉన్నవారికి 1 అంటుకునే అవకాశం ఉంది కదా? రెండు రకాలు ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుంది?

పరిణామ_విద్యార్థిని

సాధారణంగా ఒకటి పైచేయి సాధించి రెండోది కనుమరుగవుతుంది. చాలా అరుదుగా రెండింటి జన్యు పోగులు అతుక్కుని సంకర రకం పుడుతుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో సూదులతో మత్తుమందులు తీసుకునేవారిలో 2002లో అలాంటిదాన్ని కనుగొన్నారు. దాని ముందు భాగం 2కె, వెనుక భాగం 1బి. 5′ కొసను చూసే పరీక్ష దాన్ని 2 అంటుంది, ఎన్‌ఎస్5బి చదివితే 1 అని వస్తుంది. తరువాత అది రష్యా దాటి పలు దేశాలలో కనబడింది. ముఖ్యంగా జార్జియాలో ఎక్కువగా ఉంది. అక్కడ చాలాకాలం దాన్ని మామూలు జీనోటైప్ 2గానే లెక్కవేశారు.

మాత్రలమావయ్య

ఆ పాయింటు ఒప్పుకుంటున్నాను. జీనోటైప్ 2 అనుకుని ఆ రకానికి తగినట్టు సోఫోస్‌బువిర్ కలిసిన పాత మందు ఇస్తే ఈ సంకర రకం సరిగా లొంగదు. ఎందుకంటే సోఫోస్‌బువిర్ తగిలేది ఎన్‌ఎస్5బి ఎంజైముకే, అది ఉన్నది 1బి అయిన ఆ వెనుక భాగంలో. అన్ని రకాలకూ పనిచేసే జోడీ వచ్చాక ఆ బెడద లేదు. దుకాణం కట్టేసే వేళయింది, జార్జియా సంగతి రేపు చదువుతాను.